బరువు తగ్గడంలో సూది వాటా ఎంత?

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఖాళీలున్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి.

పోయినసారి షుగర్ గురించి మాట్లాడుకున్నాక, తర్వాత ఏ విషయం కావాలో చీటీల మీద రాయమన్నాం. చాలా చీటీల్లో ఒకే ప్రశ్న వచ్చింది. "సూదులు పెట్టించుకుంటే లావు తగ్గుతారటగా, నిజమేనా డాక్టరుగారూ?" కొందరు ఫలానా సెంటర్లో ప్యాకేజీ ఎంతో కూడా రాశారు. నేను ఈ సూది వైద్యం, అంటే ఆక్యుపంక్చర్, చేసేవాణ్ణి కాదు, జనరల్ ఫిజీషియన్‌ని. కానీ నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో సూదులు పెట్టించుకున్నవాళ్లున్నారు, పెట్టించుకుంటూ నాకు చెప్పనివాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. అందుకని దీని మీద ఏం పరిశోధన జరిగిందో చదవాల్సి వచ్చింది. అదే మీతో పంచుకుంటాను.

జవాబు ముందే చెప్పేస్తాను, మధ్యలో లేచి వెళ్లేవాళ్లకి కూడా అందుతుంది. తగ్గొచ్చు. అయితే ఆ తగ్గినదాంట్లో సూది వాటా కిలోన్నర, అటూ ఇటూగా. మీ సెంటరువాళ్లు ఆరు కిలోలు తగ్గించామంటే, మిగతా నాలుగున్నర కిలోలు ఎవరు తగ్గించారన్నది అడగాల్సిన ప్రశ్న.

అసలు ఈ ప్రశ్న ఇంతమందికి ఎందుకు వస్తోందంటే, లావు మన ఇంటి సమస్య అయిపోయింది కనుక. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో బరువు ఎక్కువున్నవాళ్లు దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశ్‌లో 36. అంటే ఆంధ్రాలో ప్రతి ముగ్గురిలో ఒకరి కంటే ఎక్కువే. అదీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూసే కొలత, 25 దగ్గర గీత గీసిన లెక్క. మన ఒంటి తీరుకి 23 నుంచే జాగ్రత్త పడమని, 25 దాటితే ఊబకాయమే అనుకోమని మన దేశపు డాక్టర్లు చెబుతారు. పొట్ట చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చే బాపతు మనది. అందుకే మనవాళ్లు "బరువు తగ్గాలి" అనరు, "పొట్ట తగ్గాలి" అంటారు. సెంటర్లవాళ్లకీ ఆ సంగతి తెలుసు.

సరే, సూదుల దగ్గరికి వద్దాం. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇంజెక్షన్ సూదికి లోపల బోలుగా ఉంటుంది, ఇది అలా కాదు. గట్టి సన్నటి స్టీలు తీగ, మందం పావు మిల్లీమీటరు. దాన్ని చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి చర్మం మీద ఆనించి, పైనుంచి వేలితో తడతారు. చీమ కుట్టినంత కూడా ఉండదు. గొట్టం తీసేసి సూదిని ఇంకాస్త లోపలికి దించి, రెండు వేళ్ల మధ్య పెట్టి అటూ ఇటూ తిప్పుతారు. అప్పుడు తెలుస్తుంది. లోపల లాగినట్టు, బరువుగా, తిమ్మిరెక్కినట్టు. నొప్పి అని చెప్పలేం. చైనావాళ్లు దాన్ని 'ద చీ' అంటారు. అది వస్తేనే సూది సరైన చోట దిగినట్టు లెక్క. అలా 20 నిమిషాల నుంచి అరగంట దాకా పడుకోబెడతారు.

ఎక్కడెక్కడ పెడతారు? లావు తగ్గడానికి ఎక్కువమంది వాడేవి నాలుగైదు చోట్లు. బొడ్డుకి రెండు పక్కలా రెండేసి బొటనవేళ్ల దూరంలో 'తియాన్‌షు'. బొడ్డుకీ రొమ్ము ఎముక చివరకీ నడిమధ్యన 'జోంగ్‌వాన్'. మోకాలి చిప్పకి నాలుగు వేళ్ల దిగువన, కాలి ఎముకకి బయటివైపు 'జూసాన్లీ'. లోపలివైపు చీలమండకి నాలుగు వేళ్ల పైన 'సాన్‌యిన్‌జియావ్'. ఈ వేళ్ల కొలత పేషెంటు వేళ్లది, వైద్యుడి వేళ్లది కాదు. ఆరడుగుల మనిషికీ అయిదడుగుల మనిషికీ చోటు తప్పకుండా ఉండేందుకు పెట్టుకున్న పద్ధతి, తెలివైనదే. ఒంటి మీద మొత్తం 361 చోట్లు ఎక్కడెక్కడున్నాయో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక ప్రామాణిక పుస్తకం తెచ్చింది. దానికి ముందు దేశానికో తీరుగా ఉండేది.

సూదులకి సన్నటి కరెంటు వైర్లు తగిలిస్తే అది ఎలక్ట్రో ఆక్యుపంక్చర్. ఇంకో పద్ధతిలో కరిగిపోయే కుట్టుదారం ముక్కని సూదితో లోపలికి దించి వదిలేస్తారు. వారం పదిరోజుల్లో అది కరిగేదాకా లోపల ఒత్తుతూనే ఉంటుందని వాళ్ల లెక్క, మాటిమాటికీ రానక్కర్లేదన్నమాట. చైనాలో లావు తగ్గడానికి ఇది చాలా వాడుకలో ఉంది.

ఇక చెవి. అందరూ ఒకసారి మీ చెవి పట్టుకోండి. సిగ్గుపడకండి, ఎవరూ గుంజీళ్లు తీయమనట్లేదు. (నవ్వులు) చెవి రంధ్రానికి ముందు, చెంపవైపు, మెత్తటి ఎముకతో చిన్న మొన ఉంది చూశారా? దాన్ని 'ఆకలి పాయింటు' అంటారు. చెవి దొప్ప పైభాగంలో మూడు మూలల గుంట ఉంటుంది. అక్కడ 'షెన్‌మెన్', మనసు కుదుటపడటానికట. చెవి రంధ్రం పైనుంచి అడ్డంగా వెళ్లే గట్టు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ కడుపు పాయింటు. ఈ చోట్లలో చిన్న సూదులు పెట్టి ప్లాస్టరు అంటించి రోజుల తరబడి ఉంచుతారు. సూది వద్దనుకుంటే ఆవగింజ కంటే కొంచెం పెద్దగా ఉండే నల్లటి గింజలు అంటించి, ఆకలేసినప్పుడల్లా నొక్కుకోమంటారు.

ఈ చెవి వైద్యం వేల ఏళ్ల చైనా వైద్యమని సెంటర్లలో చెబుతుంటారు. ఒంటికి సూదులు పెట్టడం పాతదే, క్రీస్తుకి పూర్వం నాటి వాళ్ల వైద్య గ్రంథాల్లోనే తొమ్మిది రకాల సూదుల వర్ణన ఉంది. కానీ ఇప్పుడు గోడల మీద కనిపించే చెవి పటం మాత్రం ఫ్రాన్సు నుంచి వచ్చింది. లియాన్ నగరంలో పాల్ నోజియే అని ఒక డాక్టరుండేవాడు. 1950ల్లో ఆయన దగ్గరికి వచ్చే నడుంనొప్పి, సయాటికా పేషెంట్లు కొందరికి చెవి మీద ఒకే చోట కాల్చిన మచ్చ కనబడేది. ఏమిటని అడిగితే, ఊళ్లో ఒకామె వాత పెట్టింది, నొప్పి పోయింది అన్నారు. మన పల్లెల్లో కామెర్లకి వాతలు పెట్టేవాళ్లు గుర్తొస్తున్నారా? నోజియే కొట్టిపారేయలేదు, తనూ చేసి చూశాడు. ఆ దారిలో పోయి పోయి, చెవి అంటే తలకిందులుగా పడుకున్న గర్భస్థ శిశువు అని, చెవి తమ్మె దగ్గర తల, పైన కాళ్లు అని పటం గీసి 1957లో ప్రచురించాడు. తర్వాత చైనావాళ్లు దాన్ని తీసుకుని తమ చోట్లు కలుపుకున్నారు.

మన దేశానికి ఆక్యుపంక్చర్ వచ్చిన దారి కూడా చెప్పాలి. 1938లో జపాన్ దాడిలో ఉన్న చైనాకి మన కాంగ్రెసు అయిదుగురు డాక్టర్లని పంపింది. అందులో ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే చనిపోయారు, ఆయన పేరు మీకు తెలిసే ఉంటుంది. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చి, 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి సూది వైద్యం నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. అందుకే ఈ వైద్యానికి మొదట చట్టం చేసింది పశ్చిమ బెంగాల్, 1996లో. కేంద్రం దీన్ని ఒక చికిత్సా విధానంగా గుర్తించింది 2019లో. బసుగారి కాలంలో ఈ వైద్యం నొప్పులకీ పక్షవాతానికీ. లావుకి వాడటం తర్వాతి సంగతి. జనం లావయ్యాక కదా లావుకి వైద్యం వచ్చేది.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికొద్దాం. ఏ సెంటరుకి వెళ్లినా సూది ఒక్కటే పెట్టి పంపరు. డైట్ చార్టు ఇస్తారు. రాత్రి అన్నం మానేసి ఏడు గంటలకల్లా ఏదైనా తేలిగ్గా తినమంటారు. కూల్‌డ్రింకులు, స్వీట్లు, బేకరీ తిళ్లు బంద్. పొద్దున ముప్పావు గంట నడవమంటారు. వారానికి రెండుసార్లు వచ్చి బరువు చూపించమంటారు. బరువు తగ్గాక పేరు మాత్రం సూదికొస్తుంది. వినాయకుడి ముందు చెవులు పట్టుకుని రోజూ వంద గుంజీళ్లు తీసి నాలుగు కిలోలు తగ్గిన మనిషి, చెవులు పట్టుకోవడం వల్లే తగ్గానంటే ఒప్పుకుంటామా? ఒప్పుకోం. అయినా చెవులు పట్టుకోవడంలో ఏమీ లేదని ముందే తేల్చేయలేం కూడా. తేలాలంటే కొంతమంది చేత చెవులు పట్టుకోకుండా గుంజీళ్లు తీయించాలి.

ఇంకో రెండు సంగతులు మనల్ని మోసం చేస్తాయి. ఒకటి, మొదటి వారం. అన్నం, ఉప్పు ఒక్కసారిగా తగ్గించగానే కాలేయంలో, కండరాల్లో దాచిపెట్టుకున్న చక్కెర నిల్వ, దాన్నే గ్లైకోజెన్ అంటారు, ఖర్చవుతుంది. గ్రాము గ్లైకోజెన్‌తోపాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లు అంటిపెట్టుకుని ఉంటాయి, అవీ పోతాయి. వారంలో కిలోన్నర, రెండు కిలోలు తేలిగ్గా పడిపోతుంది. అందులో ఎక్కువభాగం నీరే. కొవ్వు కదిలింది కొంచెమే. కానీ ఆ వారంలోనే రెండు సిటింగులు అయ్యుంటాయి, మన నమ్మకం స్థిరపడిపోయి ఉంటుంది. రెండోది టేపు. 'ఇంచ్ లాస్' అని కొలిచి చూపిస్తారు కదా. ఇంటికెళ్లి మీరే కొలుచుకోండి. భోజనం చేసి ఊపిరి పీల్చినప్పుడు ఒకసారి, పొద్దున్నే పరగడుపున ఊపిరి వదిలినప్పుడు ఒకసారి. ఆ టేపుని బొడ్డు మీదుగా కాకుండా వేలెడు పైన పెట్టి మరోసారి. ఏ వైద్యమూ లేకుండానే ఎంత తేడా వస్తుందో చూడండి. కొలిచేవాళ్లు మోసం చేయాలనుకోనక్కర్లేదు, టేపే లొంగిపోతుంది.

అందుకే పరిశోధకులు ఉత్తుత్తి సూది కనిపెట్టాల్సి వచ్చింది. మాత్రలకైతే సులువు, పిండి బిళ్ల ఇస్తే సరిపోతుంది. సూది గుచ్చారో లేదో మనిషికి తెలియకుండా ఎలా? 1998లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కొన్రాడ్ స్ట్రైట్‌బెర్గర్ అనే డాక్టరు మొన మొద్దుగా ఉండే సూది చేశాడు. చర్మానికి తగలగానే సూది తన పిడిలోకే వెనక్కి జారుతుంది. నాటకాల్లో పొడుచుకునే కత్తి ఉంటుంది చూడండి, సరిగ్గా అదే ఏర్పాటు. మనిషికి గుచ్చుకున్నట్టే ఉంటుంది, చూస్తే లోపలికి దిగినట్టే ఉంటుంది.

అదే ఏడాది ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర ఒక పరీక్ష అచ్చయింది. 60 మందిని తీసుకున్నారు. సగం మందికి చెవికి తగిలించుకునే చిన్న కరెంటు పరికరం ఇచ్చారు, రోజుకి రెండుసార్లు, నాలుగు వారాలు. మిగతా సగానికీ అదే పరికరం, కానీ బొటనవేలికి తగిలించుకోమన్నారు. చెవికి పెట్టుకున్నవాళ్లలో 95 శాతం ఆకలి తగ్గిందన్నారు. వేలికి పెట్టుకున్నవాళ్లలో ఒక్కరూ అనలేదు. వినడానికి అద్భుతంగా ఉంది. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. బొటనవేలికి క్లిప్పు తగిలించుకుని కూర్చున్న మనిషికి తన ఆకలి తగ్గుతుందన్న ఆశ ఉంటుందా? ఉత్తుత్తి అన్నది నమ్మేట్టు ఉండాలి. నమ్మకపోతే మనం కొలిచింది పరికరం బలాన్నా, నమ్మకం బలాన్నా?

2013 చివర్లో కొరియా నుంచి ఇంకో పరీక్ష వచ్చింది, మన పేపర్లలో కూడా పడింది. 91 మంది, ఎనిమిది వారాలు. ఒక జట్టుకి చెవిలో అయిదు చోట్ల సూదులు, ఒక జట్టుకి ఆకలి పాయింటు ఒక్కటే, మూడో జట్టుకి సూది పెట్టినట్టే పెట్టి వెంటనే తీసేశారు. అందరికీ తిండి అదుపులో పెట్టుకోమని చెప్పారు. సూదులు ఉంచిన రెండు జట్లలో బీఎంఐ ఆరు శాతం దాకా తగ్గింది, ఉత్తుత్తి జట్టులో పెద్దగా మార్పు లేదు. అయిదు చోట్ల పెట్టినా ఒక్కచోట పెట్టినా తేడా అంతంతే. ఇక్కడా ఒక మెలిక ఉంది. చివరిదాకా ఉన్నది 67 మందే. మధ్యలో మానేసినవాళ్లలో ఎక్కువమంది ఉత్తుత్తి జట్టువాళ్లు. చెవిలో సూది లేదని అద్దంలో చూసుకున్నా తెలుస్తుందిగా. అర్థమయ్యాక ఎందుకొస్తారు?

ఇలాంటివి విడివిడిగా చూస్తే ఎటూ తేలదు. 2009లో కొరియా పరిశోధకులు 31 పరీక్షల్ని, 3,013 మందిని ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ఉత్తుత్తి సూదితో పోలిస్తే నిజం సూది వల్ల అదనంగా తగ్గింది సగటున 1.56 కిలోలు. తిండి, వ్యాయామం మాత్రమే చేసినవాళ్లతో పోలిస్తే 1.72 కిలోలు. నేను మొదట్లో కిలోన్నర అన్నది ఇక్కణ్నుంచే. ఆ పరీక్షల నాణ్యత బాగాలేదని, ఈ రుజువుని పూర్తిగా నమ్మలేమని ఆ పరిశోధకులే రాశారు. వాళ్లు కిట్టనివాళ్లు కాదు, ఆ వైద్యం మీద గౌరవం ఉన్న దేశంవాళ్లే.

అదే లెక్కలో "మందుల కంటే 1.9 కిలోలు ఎక్కువ తగ్గింది" అని కూడా ఉంది. కొన్ని సెంటర్ల కరపత్రాల్లో ఈ ముక్క ఒక్కటే వేస్తారు. ఏ మందులతో పోల్చారో వెయ్యరు. అవి సిబుట్రమీన్ లాంటి పాత మందులు. గుండెకి ముప్పని 2010లో అమెరికా, యూరప్ సహా చాలాచోట్ల దాన్ని ఆపేశారు, 2011లో మన దేశమూ నిషేధించింది. అలాగే "ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది" అని బోర్డుల మీద రాస్తుంటారు. 2002 నాటి ఆ సంస్థ నివేదికలో రుజువైన జబ్బుల జాబితా ఒకటి, ఫలితం కనబడింది కానీ ఇంకా రుజువు కావాలి అన్న జాబితా మరొకటి. ఊబకాయం ఉన్నది రెండో దాంట్లో.

ఇంకో చిత్రం చెబుతాను. 1998లో ఆండ్రూ వికర్స్ అనే పరిశోధకుడు ఏ దేశం నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ పరీక్షలు ఎలా ఉన్నాయో చూశాడు. చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌ల నుంచి వచ్చిన ప్రతి పరీక్షలోనూ సూదే గెలిచింది. ఒక్కదాంట్లో కూడా ఓడలేదు. ఎంత గొప్ప వైద్యమైనా అప్పుడప్పుడు ఓడాలి కదండీ. పరీక్ష రాసినవాళ్లంతా నూటికి నూరు మార్కులతో పాసైతే అనుమానించేది పిల్లల్ని కాదు, పరీక్ష పెట్టినవాళ్లని.

అలాగని లోపల ఏమీ జరగట్లేదని కాదు. చెవి గుంటలో చర్మానికి వేగస్ నాడి కొమ్మ ఒకటి వస్తుంది. కడుపుకీ మెదడుకీ మధ్య కబుర్లు మోసే నాడి అది. చెవిలో గుబిలి తీస్తుంటే కొందరికి దగ్గు వచ్చేది ఆ కొమ్మ వల్లే. ఇక ఎలుకలకి మోకాలి కింది చోట కరెంటు సూది పెడితే తిండి తగ్గుతుందని, మెదడులో కడుపు నిండిందని చెప్పే భాగం చురుకవుతుందని చైనా, జపాన్ ప్రయోగశాలల్లో చూపించారు. బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే శాస్త్రవేత్త, సెకనుకి రెండుసార్లు కొట్టే కరెంటుకి ఒక రకం ఎండార్ఫిన్లు, అంటే ఒంట్లోనే తయారయ్యే నొప్పి తగ్గించే రసాయనాలు, వందసార్లు కొట్టేదానికి మరో రకం విడుదలవుతాయని తేల్చాడు. ఇవన్నీ గట్టి పనులే. కానీ ఎలుకని కదలకుండా కట్టేసి సూది పెడితే, ఆ కట్టేసిన బెదురుకే అది తిండి తగ్గిస్తుంది. పైగా ఎలుకకి శ్రావణమాసం పేరంటాలు, పెళ్లి భోజనాలు ఉండవు. మనం ఆకలేసి తినేది సగమే. మిగతా సగం ఎదురుగా ఉంది కాబట్టి, పెట్టినవాళ్లు నొచ్చుకుంటారు కాబట్టి, టెన్షన్‌గా ఉంది కాబట్టి తింటాం. ఆకలి పాయింటు నొక్కితే ఆకలి తగ్గుతుందేమో, మొహమాటం పాయింటు ఎక్కడుంది?

నాకు వీటన్నిటికంటే విలువైనదిగా అనిపించిన పరీక్ష లావుది కాదు, కడుపు జబ్బుది. 2008లో బోస్టన్‌లో హార్వర్డ్‌కి చెందిన టెడ్ కాప్చుక్ బృందం చేసింది. ఐబీఎస్, అంటే మాటిమాటికీ కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో ఉండే 262 మంది. ఒక జట్టుకి ఏ వైద్యమూ లేదు, పేరు రాసుకుని ఆగమన్నారు. రెండో జట్టుకి ఉత్తుత్తి సూదులు, వైద్యుడు ముక్తసరిగా మాట్లాడి పనైపోగానే వెళ్లిపోతాడు. మూడో జట్టుకీ అవే ఉత్తుత్తి సూదులు, కానీ వైద్యుడు దగ్గర కూర్చుని ముప్పావు గంట వాళ్ల కథంతా విని, ఓదార్పుగా మాట్లాడతాడు. మూడు వారాల తర్వాత తగినంత ఉపశమనం వచ్చిందన్నవాళ్లు మొదటి జట్టులో 28 శాతం, రెండో దాంట్లో 44, మూడో దాంట్లో 62. ఒక్కరికీ నిజం సూది దిగలేదు.

మా వృత్తిలో ఉన్నవాళ్లం ఇది చదివి కొంచెం సిగ్గుపడాలి. లావు తగ్గాలని మా ఓపీకి వస్తే మేం ఇచ్చేది అయిదు నిమిషాలు. "అన్నం తగ్గించండి, నడవండి, నెక్స్ట్." అదే సూదుల సెంటర్లో అరగంట పడుకోబెట్టి, ఏం తిన్నారు, నిద్ర పడుతోందా, ఇంట్లో గొడవలేమిటి అని అడుగుతారు. మూడు రోజుల్లో మళ్లీ బరువు చూపించాలి కాబట్టి పక్కింటి పుట్టినరోజు కేకు ఒక ముక్కతో ఆపుతారు. ఆ గింజలు నొక్కుకునే పని కూడా అలాంటిదే. చెయ్యి చెవి మీదికి వెళ్లిన ఆ అరనిమిషంలో బజ్జీ ప్లేటు పక్కకి జరగొచ్చు. నా ఉద్దేశం, ఆ సెంటర్లు అమ్ముతున్న అసలు సరుకు సూది కాదు, ఎవరో ఒకరు మనల్ని పట్టించుకోవడం. దాని విలువ తక్కువేం కాదు. కాకపోతే దానికి సూది తప్పనిసరి కాదు.

పోలిక కోసం మిగతా దారుల సంగతి చూడండి. వెగోవీ పేరుతో 2025లో మన దేశానికి వచ్చిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఆ పరీక్షలో ఉత్తుత్తి ఇంజెక్షనూ సలహాలూ తీసుకున్నవాళ్లే 2.4 శాతం తగ్గారు. 75 కిలోల మనిషికి కిలోన్నర అంటే ఎంత? రెండు శాతం. అలాగని అందరూ ఆ ఇంజెక్షన్లకి పరిగెత్తమని కాదు. వాటి ఖరీదు, వాంతులు, ఆపితే మళ్లీ బరువు పెరగడం, అదో పెద్ద కథ. చెన్నైలో 2006లో వెలువడిన పరీక్షలో 531 మంది, అందరూ షుగర్ వచ్చే అంచున ఉన్నవాళ్లే. నడక, తిండి మార్పు పాటించినవాళ్లకి మూడేళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. తమాషా ఏమిటంటే వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కాటా మీద కనబడని లాభం అది. కాటానే చూసుకుంటూ కూర్చుంటే నడక మానేస్తారు, జాగ్రత్త.

ప్రమాదాల గురించి చెప్పి చీటీలు తీస్తాను. తెలిసినవాళ్లు పెడితే ఆక్యుపంక్చర్ సురక్షితమైనదే. సూది ప్యాకెట్టు మీ ఎదురుగా చించాలి, వాడాక పారేయాలి. ఒకప్పుడు సూదులు సరిగా శుభ్రం చేయక హెపటైటిస్-బి పాకిన ఊళ్లున్నాయి. ఛాతీ, భుజాల మీద లోతుగా దించితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది, అరుదే గానీ జరిగింది. నన్నడిగితే ఎక్కువ భయపడాల్సింది చెవిలో రోజుల తరబడి ఉంచే సూదులకి. చెవి దొప్పది మెత్తటి ఎముక, దానికి రక్తప్రసరణ తక్కువ. అక్కడ చీము పడితే మందు సరిగా చేరదు, చెవి ముడుచుకుపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు ఆ పద్ధతి జోలికి వెళ్లకండి. దారం దించే పద్ధతిలోనూ గడ్డలు, మొండి ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. పేస్‌మేకర్ ఉంటే కరెంటు సూదులు వద్దు. రక్తం పల్చబడే మందు వాడుతుంటే, గర్భం ఉంటే ముందే చెప్పాలి. ఇంకొకటి, షుగర్ మాత్రలు వేసుకుంటూ డైట్ చార్టు ప్రకారం రాత్రి తిండి మానేస్తే, నడిరాత్రి షుగర్ పడిపోయి చెమటలు పట్టొచ్చు. మాత్రల మోతాదు మార్చకుండా తిండి మార్చకండి.

ఇక చీటీలు. "పొట్ట మీద సూదులు పెడితే పొట్ట దగ్గర కొవ్వే కరుగుతుందా?" కరగదు. ఒంట్లో కొవ్వు ఎక్కణ్నుంచి తీయాలో ఒళ్లే నిర్ణయించుకుంటుంది, సూది పెట్టిన చోటుని బట్టి కాదు.

"మా అమ్మాయి న్యూజెర్సీ నుంచి చెవికి అంటించుకునే గింజలు పంపింది, వాడొచ్చా?" వాడండమ్మా. గింజలే కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. మూడు నాలుగు రోజులకి తీసేయండి, కింద చర్మం ఎర్రబడితే ఆపేయండి. నొక్కుకున్నాక ఫ్రిజ్ దగ్గరికి మాత్రం వెళ్లకండి. (నవ్వులు)

"ఎవరి దగ్గర చేయించుకోవాలి?" పేరు పక్కన ఏముందో చూడండి. ఆధునిక వైద్యం చదివి ఇందులో శిక్షణ పొందినవాళ్లు, అయిదున్నరేళ్ల ప్రకృతి వైద్య డిగ్రీ, అదే బీఎన్‌వైఎస్, చదివినవాళ్లు ఉన్నారు. వారాంతపు క్లాసులో సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు ఆపేయమన్నవాళ్ల దగ్గర ఇంకో నిమిషం కూర్చోకండి. డబ్బు మొత్తం ముందే కట్టమంటే కట్టకండి, ఏ సిటింగుకా సిటింగు ఇస్తామనండి. ఒప్పుకోకపోతే వాళ్లకే తమ సూది మీద నమ్మకం లేదన్నమాట. మూడు నెలల్లో మీ బరువులో అయిదు శాతం తగ్గకపోతే ఆపేయండి. 75 కిలోలుంటే అది 3 కిలోల 750 గ్రాములు. ఆ లెక్క మొదటి రోజే కాగితం మీద రాసి పెట్టుకోండి.

"సూదులు పెట్టించుకునే రోజు టిఫిన్ తినొచ్చా?" తినాలి. పరగడుపున వెళితే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లున్నారు. రెండు ఇడ్లీ తిని వెళ్లండి, కడుపు నిండా తిని వెళ్లకండి.

మిగిలిన చీటీలన్నీ మోకాళ్ల నొప్పుల గురించే ఉన్నాయి. నొప్పికి సూది వేరే లెక్క, అక్కడ జరిగిన పరీక్షలు పెద్దవి, ఫలితాలూ కొంచెం మెరుగ్గా ఉన్నాయి. పది నిమిషాల్లో చెబితే అన్యాయం అవుతుంది, వచ్చేసారి అదే పెట్టుకుందాం. నమస్కారం.